కాగితం తిప్పినట్టు కాదు

మా అమ్మాయి మొదటిసారి ఆ బొమ్మ ఇంటికి తెచ్చినప్పుడు నేను జడుసుకున్నాను. అప్పుడే లాండ్రీ నుంచి వచ్చాను, చెప్పులు కూడా విప్పలేదు. భోజనాల బల్ల మీద ఒక ఆడమనిషి మొహం ఉంది. జుట్టు లేదు. చెవులు సగం సగం. రెండు కళ్లూ మూసి ఉన్నాయి. మెడ దగ్గర కాస్త గీసి వదిలేశారు. చదునుగా పడుకోబెట్టిన ఆ మొహాన్ని చూస్తే ఎవరికైనా ఏం తోస్తుంది?

"ఎవరే ఈవిడ? ఎలా పోయింది?" అన్నాను.

"పోవడమేంటమ్మా! ఫేస్ చార్ట్, మేకప్ వేసి చూసుకునే కాగితం. రెప్పల మీద రంగు కనపడాలంటే కళ్లు మూసే ఉండాలి."

"కళ్లు తెరిచిన బొమ్మ ఇవ్వరా?"

"ఇస్తారు. అందులో రెప్ప ఎక్కడుంటుంది? రంగు నీ నెత్తి మీద వెయ్యనా?"

మా ఆయన కుర్చీలోంచి మెడ చాచి చూశారు. చెప్పుల షాపులో రోజంతా జనం పాదాలు చూసే మనిషికి మొహమంటే అదో సరదా. "గుండు చేయించుకున్నాక ఇంక మేకప్ ఎందుకే బుడంకాయ్?" అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం ఆ మూసిన కళ్ల మీంచి చూపు మరలలేదు. వాళ్లకేం, నవ్వుతారు. ఇంట్లో భయపడే పని మొత్తం నాకే వదిలేశారు.

అసలు సంగతి ఇది. మా అమ్మాయి బ్యూటీపార్లర్లో కళ్ల మేకప్ చేసేది. కంటికి గీత పెట్టడంలో దాని చెయ్యి మంచిదని పేరు. పార్లర్ వెనక మెట్ల మీద తడికి కాలు జారింది. కుడి మణికట్టు విరిగింది. లోపల ప్లేటు వేశారు, కట్టు కట్టారు, విప్పారు. ఎముక అతుక్కుంది అన్నాడు డాక్టరు. అతుక్కుంటే చాలా? చెయ్యి ఒక పక్కకి తిరుగుతుంది, రెండో పక్కకి తిరగదు. అరచెయ్యి పైకి పెట్టి చిల్లర అందుకోవాలంటే మోచెయ్యి మొత్తం ఒంటికి ఆనించి, భుజం వంచాలి. చెంచాతో ఏదైనా పోస్తే సగం గిన్నెలో, సగం బల్ల మీద.

పార్లర్ యజమానురాలిని అందరూ పిన్నుల మేడం అంటారు. జడలు వేస్తూ వేస్తూ నోట్లో పిన్నులు పెట్టుకుని మాట్లాడడం ఆవిడకి అలవాటు. ఆవిడ చెడ్డది కాదు. అమ్మాయిని పనిలోంచి తీసెయ్యలేదు. కౌంటర్ దగ్గర కూర్చోబెట్టి ఫోన్లు ఎత్తమంది. దాని కుర్చీ మాత్రం ఒక కొత్తమ్మాయికి ఇచ్చింది.

"కంటి దగ్గర బ్రష్ పెట్టే చెయ్యి ఇది. నమ్మకం లేకుండా కస్టమర్ని నీకెలా అప్పగించను?" అందట. "ముందు కాగితం మీద చేసి తీసుకురా. కుడీ ఎడమా ఒకేలా రావాలి. వస్తే నీ కుర్చీ నీకే. రాకపోతే నెలాఖరుకి కొత్తమ్మాయికే ఖాయం చేస్తాను. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

అందుకే ఈ కాగితాలు.

కౌంటర్లో కూర్చుంటే కొంపేమీ మునగదు. ఆ మాట నేనే అన్నాను, కూర్చుని చేసే ఉద్యోగం కదా, ఒళ్లు అలవదు అని. చెయ్యి విరగక ముందు అది బస్సులో ఎవరైనా ఎదురు సీట్లో కూర్చుంటే చాలు, "ఆవిడ కళ్లు చూడమ్మా, మూలలు కిందికి దిగాయి, ఇక్కడ ఇంత గీత లాగితే ఎలా ఉంటుందో తెలుసా" అని నా చెవి కొరికేది. చెయ్యి విరిగాక కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టింది. అది నాకు నచ్చలేదు.

మామూలు తెల్లకాగితం పనికిరాదట. నున్నటి కాగితం మీద పొడి నిలవదు, జారిపోతుంది. నీళ్లరంగులు వేసుకునే గరుకు కాగితం కావాలి. దాని మీద మొహం గీతలు లేతగా, కనపడీ కనపడనట్టు అచ్చు వేయించుకొచ్చేది. ముందుగా మొత్తం మీద తెల్ల పౌడర్ పల్చగా అద్దేది. "నీ మొహం మీద చెమట పీల్చినట్టు ఇక్కడ నూనె పీలుస్తుంది" అని చెప్పింది. తర్వాత కాంపాక్టు డబ్బాలోంచి చాకు మొనతో కాస్త గీకి, ఆ పొడిలో బ్రష్ ముంచి, సాసరు అంచుకి తట్టి, మిగిలినదానితో చర్మం రంగు వేసేది. ముక్కు దూలం మీదా బుగ్గ ఎముక మీదా ఏమీ వేసేది కాదు. అక్కడ కాగితం తెలుపే వెలుగట. లేతరంగు ముందు, ముదురు తర్వాత. "మొహమైతే కడుక్కుంటాం, కాగితాన్ని కడగలేం కదమ్మా" అనేది.

లిప్‌స్టిక్ నేరుగా రుద్దితే నూనె వెనక్కి దిగి మచ్చ కడుతుందని, పెదాలు పెన్సిల్‌తో నింపి, పైన బ్రష్ కొసతో తాకీ తాకనట్టు అద్దేది. కంటి మూల గీత పదునుగా రావడానికి టేపు ముక్క అంటించేది. ఆ టేపుని ముందు తన చొక్కా చేతికి అంటించి, పీకి, మళ్లీ అంటించి, జిగురు చచ్చాక కాగితం మీద పెట్టేది. లేకపోతే తీసేటప్పుడు కాగితం తోలు ఊడొస్తుందట. అంతా అయ్యాక రంగు రాలకుండా జుట్టుకి కొట్టే స్ప్రే కొట్టేది.

"స్టవ్ వెలుగుతోంది, ఇక్కడ కొట్టకే, ఇల్లు అంటుకుంటుంది!"

"బాల్కనీలో కొడుతున్నానమ్మా."

"బాల్కనీలో గాలికి నీ కళ్లల్లోకే వస్తుంది. ఆ పౌడరంతా ఊపిరితిత్తుల్లోకి పోతోంది. రుమాలు కట్టుకో."

"రుమాలు కట్టుకుని స్ప్రే డబ్బా పట్టుకుంటే పక్కింటివాళ్లు పోలీసుల్ని పిలుస్తారు."

నా మాటలకి అది విసుక్కునేదే తప్ప కోప్పడేది కాదు. ఒక్కసారి మాత్రం నా వల్ల నష్టం జరిగింది. కుడి కన్ను పూర్తిచేసి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లింది. బొమ్మ బుగ్గ మీద నల్లపొడి రాలి ఉంది. లాండ్రీలో రోజంతా దుప్పట్ల మీద మచ్చలు వెతికే మనిషిని. మచ్చ కనపడితే చెయ్యి ఊరుకోదు. తువ్వాలు కొసతో ఒక్క తుడుపు తుడిచాను. నలుపు కంటి దగ్గర్నుంచి చెవి దాకా పాకింది.

"అయ్యో అమ్మా! ఊదాలి! తుడవకూడదు, ఊదాలి!" అంటూ పరుగెత్తుకొచ్చింది. చూసింది. ఆ కాగితం పక్కన పెట్టి కొత్తది తీసుకుంది. అరిచి ఉంటే బాగుండేది. ఆ పూటంతా నేను బల్ల దరిదాపులకి పోలేదు.

దూరం నుంచి చూశాను కాబట్టే ఒక సంగతి నా కంట పడింది.

సెలవు రోజు మధ్యాహ్నం. వంటింటి గడప దగ్గర టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. కుడి కంటి గీత పెట్టింది, చక్కగా వచ్చింది. ఎడమ కన్ను దగ్గరికి వచ్చేసరికి కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని గిర్రున తలకిందులు చేసింది. పెదాలు పైకి, నుదురు కిందికి. అలా తిప్పి ఒక్క లాగు లాగింది. గీత జర్రున వచ్చేసింది. మళ్లీ కాగితాన్ని మామూలుగా పెట్టింది. రెండు కళ్లూ కవలల్లా ఉన్నాయి.

ముందు సంతోషం వేసింది. టీ ఒక గుటక వేశాను. రెండో గుటక వెయ్యకుండానే గ్లాసు పక్కన పెట్టేశాను.

మా ఆయన్ని వంటింట్లోకి లాక్కొచ్చాను. "ఏవండీ, చూశారా, కాగితం తిప్పుతోంది."

"తిప్పితే ఏమైంది?"

"మొహాన్ని అలా తిప్పగలమా? కుర్చీలో కూర్చున్న మనిషిని పట్టుకుని తలకిందులు చేస్తుందా? దాని చెయ్యి బాగవలేదండీ. కాగితం బాగా తిరుగుతోంది, అంతే."

ఎప్పుడూ ఏదో ఒక జోకు వేసే మనిషి, వంటింటి తలుపు దగ్గరికి వేశారు. "దానికి చెప్పకు" అన్నారు.

"చెప్పకపోతే అక్కడ అందరి ముందూ తెలుస్తుంది."

"అక్కడ తెలిస్తే అక్కడే తెలుస్తుంది. ఇక్కడ నువ్వు చెప్పావనుకో, కాగితం కూడా మానేస్తుంది. అది ఒక్కటే కదే దానికి మిగిలింది."

నోరు కట్టేసుకున్నాను. నాలాంటిదానికి అది ఎంత కష్టమో ఎవరికీ తెలియదు. లాండ్రీలో దుప్పటి అటు కొస ఒకరు, ఇటు కొస నేను పట్టుకుని మడతపెడుతుంటే, ప్రతి మడతకీ అదే మాట నాలుక మీదికి వచ్చేది. ఎదురుగా పట్టుకున్న ఆవిడ, "ఏంటి వదినా, నీలో నువ్వే గొణుక్కుంటున్నావు, దుప్పటికి దిష్టి తీస్తున్నావా?" అనేది.

చార్టులు చూపించే రోజున నేను పొద్దున్నే డ్యూటీ చేసి, అటునుంచి అటే దానితో బయల్దేరాను. బస్సులో రద్దీకి చెయ్యి ఎక్కడ నలుగుతుందో అని నా భయం. నిలబడి నిలబడి కాళ్లు పీకేస్తున్నాయి, ఆవిరికి కళ్లు మండుతున్నాయి. సీటు దొరికింది. అది అట్టపెట్టెని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపల చార్టులు ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకోకుండా మధ్యలో పల్చటి కాగితాలు పెట్టింది. పార్లర్ దగ్గరపడుతుండగా నా నోరు ఆగలేదు.

"అమ్మలూ, కాగితం తిప్పినట్టు మొహం తిరగదే."

అది నావైపు తిరగలేదు. "నాకు తెలీదనుకున్నావా?"

"మరి మేడంకి చెప్పవా?"

"ఏమని? మీ కస్టమర్లని సీలింగుకి వేలాడదియ్యండి, అప్పుడు చేస్తానని చెప్పనా?"

నవ్వుతూనే అంది. కానీ అట్టపెట్టెని ఒంటికి ఇంకాస్త దగ్గరగా లాక్కుంది.

పిన్నుల మేడం చార్టులు ఒక్కొక్కటీ కిటికీ దగ్గర పట్టుకుని చూసింది. వెనక్కి తిప్పి నూనె మచ్చలున్నాయేమో చూసింది. చివరి చార్టుని తీసుకుని, అమ్మాయి అంత కష్టపడి చేసిన దాన్ని, ముక్కు మీదుగా నిలువునా మడిచేసింది. చించేస్తుందేమో అనుకున్నాను. ఆవిడ మడిచిన కాగితాన్ని వెలుతురుకి పెట్టింది. రెండు కళ్లూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. గీత మీద గీత సరిగ్గా కూర్చుంది.

"బాగుంది," అంది పిన్నుల మధ్యలోంచి. "మరి ఇదే మొహం మీద చేసి చూపించు. కొత్తమ్మాయికి కస్టమర్ ఉంది. మీ అమ్మగారు వచ్చారుగా, ఆవిణ్ణి కూర్చోబెట్టు."

"నేనా? నా మొహమేంటండీ, లాండ్రీ నుంచి వచ్చాను," అన్నాను.

"మొహం కడుక్కుని రండి, చాలు."

మొహం కడుక్కుని, తువ్వాలు చేతిలో పట్టుకునే కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా అద్దం, దాని చుట్టూ బల్బులు. మా అమ్మాయి నా మొహం తుడిచి, ఏదో క్రీము రాసి, "కళ్లు మూసుకోమ్మా" అంది. మూసుకున్నాను. అక్కడి నుంచి నాకు చీకటే. బ్రష్ రెప్పకి తగిలేసరికి రెప్ప టపటపా కొట్టుకుంది. నేను కావాలని చెయ్యలేదు. లోపల నుంచి అదే కొట్టుకుంటోంది.

"అమ్మా, కదలకు."

"నేనెక్కడ కదిలానే?"

"రెప్ప కదుపుతున్నావు. ఏదైనా ఆలోచించుకో."

ఆలోచిస్తే భయమే కదా వచ్చేది! కంట్లో బ్రష్ పొడుచుకుంటుందేమో. పొడుచుకుంటే ఈ పిల్ల జన్మలో మళ్లీ బ్రష్ పట్టుకోదేమో. నా కన్ను పోయినా పర్లేదు, దాని ధైర్యం పోకూడదు. రెప్ప ఇంకా ఎక్కువ కొట్టుకుంది.

"పెద్దావిడా, మీరలా పిట్ట రెక్కల్లా కొట్టుకుంటే ఎవరి చెయ్యైనా ఏం చేస్తుందండీ?" అంది మేడం.

ఎలాగో కుడి కన్ను అయింది. ఎడమ కన్ను దగ్గరికి వచ్చింది. బ్రష్ తగిలింది, ఆగింది, వెనక్కి వెళ్లింది. తడి దూదితో తుడిచింది. మళ్లీ తగిలింది. దాని మోచెయ్యి నా భుజానికి గుచ్చుకుంటోంది. చెయ్యి తిరగక ఒళ్లంతా వంచుతోందని అర్థమైంది. దాని ఊపిరి నా మొహం మీద వేడిగా పడుతోంది. మళ్లీ దూది. పక్క కుర్చీలో కొత్తమ్మాయి కస్టమర్‌తో చెప్పే కబుర్లు ఆగిపోయాయి. హెయిర్ డ్రయ్యర్ కూడా ఎవరో ఆపారు. అందరూ చూస్తున్నారని కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

మా అమ్మాయి చెప్పుల చప్పుడు నా పక్కనుంచి వెనక్కి వెళ్లింది. పోతోంది అనుకున్నాను. వదిలేసి బయటికి పోతోంది, ఇంక ఇంటికి కూడా రాదేమో, ఎక్కడని వెతకను!

కుర్చీ కింద ఏదో మీట టక్కుమంది. నా వీపు వెనక్కి వాలింది.

"తల నా మీద పెట్టెయ్యమ్మా. మొత్తం బరువు వదిలెయ్యి."

"అదేంటి, వెనకనుంచి?" అంది మేడం.

"ఒక్క నిమిషం చూడండి మేడం."

నా తల దాని పొట్టకి ఆనింది. అది ఎడమ చేత్తో నా నుదురు పట్టుకుంది. వెనకనుంచి, నా తల మీదుగా వంగి చూస్తోంది. అంటే నా మొహం దానికి తలకిందులుగా కనపడుతోందన్నమాట. మొహం తిరక్కపోతే ఏం, మొహం చుట్టూ తానే తిరిగింది. ఆ సంగతి నాకు తట్టింది గాని, దాని గురించి భయపడే ఓపిక లేకపోయింది. పొద్దున్నుంచీ నిలబడ్డ కాళ్లు మొదటిసారి నేలని వదిలాయి. నా తల బరువు ఇంకొకరు మోసి ఎన్నాళ్లయిందో. దాని పొట్ట ఊపిరికి కొంచెం పైకి, కొంచెం కిందికి...

"మీ అమ్మగారు గురక పెడుతున్నారు," అన్న మేడం మాటకి ఉలిక్కిపడి లేచాను.

"ఏమైంది? కన్ను పొడుచుకుందా?"

"ఏమీ కాలేదు. నిద్రపోయావు," అంది మా అమ్మాయి. దాని పై పెదవి మీద చెమట పట్టింది.

అద్దంలో చూసుకున్నాను. ఎవరో ఇంట్లో పనీపాటా లేని ఆవిడ నావైపు చూస్తోంది. పిన్నుల మేడం దగ్గరికొచ్చి నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. కాగితాన్ని మడిచినట్టు నన్ను మడవలేదు కాబట్టి ఒక దారం తీసి, ఒక కంటి మూల నుంచి రెండో మూలకి అడ్డంగా పట్టుకుంది.

"ఎడమది వెంట్రుకవాసి పైకి ఉంది."

"అమ్మకి ఆ కన్నే కొంచెం కిందికి వాలి ఉంటుంది మేడం. కళ్లు తెరిచినప్పుడు సమానంగా కనపడాలని పైకి లాగాను."

మేడం దారం పక్కన పెట్టింది. నన్ను కళ్లు తెరవమంది, మూయమంది, మళ్లీ తెరవమంది. చివరికి ఆవిడ నోట్లోని పిన్నులు తీసి బల్ల మీద పెట్టింది.

"గీతకి వంక పెట్టడానికి లేదు. కానీ కుర్చీలో కూర్చునేవాళ్లు ఎదురుగా అద్దంలో చూసుకుంటూ చేయించుకుంటారు. తల వెనక్కి వాల్చి నీ పొట్ట మీద పెట్టమంటే పెట్టరు. అందరూ మీ అమ్మలా ఉండరు."

"ఉండరు మేడం."

"కుర్చీ కొత్తమ్మాయికే ఉంచుతాను."

నా కళ్లు నిండాయి. రంగు చెదురుతుందని తల పైకెత్తి ఉంచాను.

"వెనక గదిలో ఫేషియల్ మంచం ఉంది కదా," అంది ఆవిడ మళ్లీ. "పడుకోబెట్టి తల దగ్గర కూర్చుని చెయ్యి. ఫేషియల్‌కి వచ్చేవాళ్లని కళ్లు కూడా చేయించుకోమని నువ్వే ఒప్పించుకోవాలి. ఒప్పుకుంటే వాళ్లు నీ కస్టమర్లు. కౌంటర్‌కి ఇంకొకరిని చూసుకుంటా."

మా అమ్మాయి నా చేతిలోంచి తువ్వాలు లాక్కుని మొహం తుడుచుకుంది. నెగ్గిందో ఓడిందో నాకు అర్థం కాలేదు. అడుగుదామనుకునేలోపే వెనక గదిలోకి నడిచింది. నేనూ వెంటపడ్డాను.

"పడుకున్నవాళ్లకి తుమ్ము వస్తే ఎలాగే? ఉన్నట్టుండి లేచి కూర్చుంటే? బ్రష్ చేతిలో ఉండగా—"

"అమ్మా, మంచం చూడు."

చూశాను. ఇనప మంచం, తలవైపు గోడకి బిగించినట్టు ఆనించి ఉంది. మధ్యలో చీమ దూరడానికి కూడా సందు లేదు. అక్కడ కూర్చోవాలంటే ముందు మంచం ఇవతలికి రావాలి. అది వంగి మంచం కోడు పట్టుకోబోయింది.

"ముట్టుకోకు! ప్లేటు ఊడుతుంది. నేను లాగుతాను," అని అడ్డం వెళ్లాను.

"నువ్వు లాగితే నీ నడుం ఊడుతుంది."

ఇద్దరం కలిసే లాగాం. అది ఎడమ చేత్తో, తుంటితో నెట్టుకుంటూ. నేను నా ఒంట్లో మిగిలిన కాస్త బలంతో. మంచం కోళ్లు నేల మీద కీచుమన్నాయి. జానెడు జరిగింది. అది గోడకీ మంచానికీ మధ్య పక్కగా దూరి, మోచేతులు రెండూ చాచి చూసుకుంది. కుడి మోచెయ్యి గోడకి కొట్టుకుంది.

"ఇంకొంచెం లాగమ్మా," అంది.

లాగాను.